‘మచకార్’ ఎక్కడ పుట్టింది: రోజుకో పేజీ

ఆగస్టు 1, ఉదయం 9:00
నిర్ణయం! ఊరి ఉత్సవ సంచికకు ‘మచకార్’ అనే మన స్పానిష్ క్రియ పుట్టుపూర్వోత్తరాలు రాస్తున్నాను. అంటే దంచడం, నలగ్గొట్టడం. రోజుకో పేజీ, పదో తేదీకి పది. బార్లో డామినోలాట బంద్.

నిరుడూ ఇస్తానని ఎగ్గొట్టాను. ఈసారీ ఇవ్వకపోతే ఆ పేజీలు నా పోటీదారు బల్దొమేరోవే. మగ కంచరగాడిదను ‘మాచో’ అంటాం కాబట్టి మాట దాన్నుంచే పుట్టిందంటాడు! ముప్పై ఏళ్ళు లాటిన్ చెప్పిన నేను బతికుండగానే! లాటిన్‌లో చిన్న సుత్తి ‘మార్కులుస్’, దాన్నుంచే సమ్మెటకూ ‘మాచో’ అనే పేరు, ఆ సమ్మెట నుంచి దంచడం. రోట్లో తలపెట్టాక రోకటిపోటుకు వెరుస్తానా?

స్ఫూర్తి కోసం మా ఆవిడ ఫ్వెన్సాంతా ఇత్తడి రోలు తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను.

ఆగస్టు 2
9:10 శీర్షిక రాశాను.
9:40 కింద గీత.
10:00 రెండో గీత. అద్భుతం!

ఆగస్టు 4
నలభై రెండు డిగ్రీలు. ఈ ఎండకు లాటిన్ కదలదు. కుందేలు కూరలో రుచి లేదేమని అడిగాను.

“వెల్లుల్లి మిక్సీలో వేశానయ్యా పండితుడా! రోలు నీ బల్లెక్కి కూర్చుందిగా” అంది ఫ్వెన్సాంతా.

పరిశోధన విలువ ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆగస్టు 7
క్షేత్ర పరిశోధన. బార్లో. ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని నూనెమిల్లు ఎలిసేయోను అడిగాను.

“ఎక్కణ్ణుంచొస్తే ఏంటి మాస్టారూ? ఆలివ్ నలిగిందా లేదా! బిళ్ళ వెయ్యండి, మీ వంతే.”

మర్యాద కోసం నాలుగాటలు. పేజీలు: సున్నా.

ఆగస్టు 10, మధ్యాహ్నం 1:00
ఉత్సవ కమిటీ ఔరేలియా ఫోను. “బల్దొమేరోగారివి తొమ్మిది పేజీలండీ, కంచరగాడిద ఫొటోతో సహా. పదో పేజీ మీ ఆవిడ పంపారు.”

మా ఆవిడా?! కమిటీ ఆఫీసుకు పరుగెత్తి వెళ్ళి చదివాను.

“ముందు ఉప్పు, తర్వాత వెల్లుల్లి. ఉప్పు లేకపోతే రెబ్బ జారిపోతుంది. మా అత్తగారు నేర్పింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా రోజూ దంచుతున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.”

సిగ్గేసింది. పక్కగదిలో ఆమె దంచుతున్న చప్పుడు ఇన్నేళ్ళూ విన్నాను. ఒక్క ముక్క అడగలేదు. నాది ఊకదంపుడు.

ఆగస్టు 11
రోలు వంటింటికి చేరింది. వెంట నేనూ. మొదటి పోటుకే వెల్లుల్లి ఎగిరి ఫ్రిజ్ కిందకు పోయింది.

“నా వ్యాసంలో మొదటి వాక్యమైనా చదవలేదన్నమాట!” అంది.

పది నిమిషాలకు మణికట్టు పట్టేసింది. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు!

ఆగస్టు 12, ఉదయం 9:00
కొత్త నిర్ణయం! వచ్చే ఏడాది సంచికకు ఇప్పటినుంచే రోజుకో పేజీ. ఈసారి తప్పదు, ఎందుకంటే రాసేది ఫ్వెన్సాంతా. దంచేది నేను.

నా వంతు రేపటినుంచి. ఇవాళ చెయ్యి నొప్పి.