ట్రై చేద్దామా?

మార్చి 4, మంగళవారం
డయాలసిస్ బుకింగ్ యాప్‌కి తెలుగు మెసేజ్‌లన్నీ ఈవేళతో పూర్తిచేశాను. పేషెంట్లను భయపెట్టకూడదు, స్నేహితుడిలా మాట్లాడాలి అని మేనేజర్ అభిజిత్ పట్టు. బుకింగ్ ఫెయిలైతే కనిపించేది: "అయ్యో, జారిపోయిందే! మళ్లీ ట్రై చేద్దామా?" మీటింగ్‌లో అందరూ నవ్వారు. నాకూ నచ్చింది.

మార్చి 6
యాప్ లైవ్. కేకు కోశారు.

మార్చి 11, మంగళవారం
కాడుగోడి డయాలసిస్ సెంటర్ నుంచి కంప్లైంట్. ఓబళప్ప అనే పేషెంట్ శనివారం డయాలసిస్‌కు రాలేదు. నిన్న ఊపిరాడక ఎమర్జెన్సీలో చేర్చారు.

ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో చూపే యాప్ లాగ్ చూశాం. శుక్రవారం ఆయన బుక్ బటన్ ఒక్కసారి నొక్కారు. అదే నిమిషంలో సర్వర్ పడిపోయింది. నా మెసేజ్ వచ్చింది. ఆయన మళ్లీ నొక్కలేదు. శనివారం రెండు మెషీన్లు ఖాళీగానే ఉన్నాయి. రిపోర్టులో కారణం దగ్గర "యూజర్ మళ్లీ ప్రయత్నించలేదు" అని పెట్టారు.



మార్చి 12, మధ్యాహ్నం 3
ఆసుపత్రికి వెళ్లాను. వార్డు బయట ఆయన కూతురు మునిలక్ష్మి. ఆ మెసేజ్ రాసింది నేనేనని ముందే చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, అడిగింది. "చేద్దామా అంటే ఎవురు చేసేదమ్మా? మీరా, మేమా? మా నాయన మీరే చేస్తారనుకున్యాడు. ఫోను ముందర పెట్టుకోని రెండు దినాలు కూసోనుండాడు. ఆస్పత్రికి పోదాం రా అంటే, వాళ్లు చేస్తామన్నారు కదా, తొందరపడొద్దు అన్యాడు."

ఇప్పుడెలా ఉన్నారని అడిగాను. "బాగుండాడు" అంది.

మార్చి 13
అభిజిత్‌తో గొడవ. తప్పు సర్వర్‌ది కదా, ఒక్క మాటకి ఇంత అవుతుందా అన్నాడు. బుకింగ్ చెడగొట్టింది సర్వరే, ఆయన్ని కూర్చోబెట్టింది మాత్రం నేను అన్నాను. రిపోర్టులో ఆ లైన్ కొట్టేసి "మెసేజ్ తప్పు. రాసింది శిరీష" అని మార్చాను. అతనే దాన్ని సేవ్ చేశాడు.

మార్చి 17
పొద్దంతా సెంటర్ నర్సు హేమలత పక్కన కూర్చున్నాను. పేషెంట్లతో ఆమె అయ్యో అనదు. నవ్వించదు. ఏమైందో చెబుతుంది, ఏం చేయాలో చెబుతుంది.

కొత్త మెసేజ్: "బుకింగ్ కాలేదు. తప్పు మాది. మీరు మళ్లీ నొక్కండి. అప్పటికీ కాకపోతే నేరుగా సెంటర్‌కు రండి."

చప్పగా ఉంది అన్నాడు అభిజిత్. అయినా ఒప్పుకున్నాడు.

మార్చి 21
సెంటర్‌కు వచ్చిన ఓబళప్పగారి చేతికి ఫోన్ ఇచ్చి కొత్త మెసేజ్ చదవమన్నాను. అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివారు. చివరికి వచ్చాక "వస్తానప్పా" అన్నారు, ఫోన్‌తో.