దసరా తర్వాత నెమ్మదించిన నెట్

ఏమండీ,

పదకొండింటికి కంప్యూటర్ షాపాయన వస్తారు. లినక్స్ తీసేసి విండోస్ వెయ్యమని మీరే చెప్పారటగా! ఆయన్ని గుమ్మంలోంచే పంపించేయండి. నెల రోజులుగా నేను టైపు చేసిన పనంతా అందులోనే ఉంది.

నెట్ నత్తలా పాకుతోందని దసరా మర్నాటి నుంచి లినక్స్‌నీ, అది వేసిన నన్నూ ఆడిపోసుకుంటున్నారు. సెట్టింగులన్నీ తిరగేశాను, ఏమీ దొరకలేదు. ఇవాళ పొద్దున్న పింగ్ కొట్టి, అంటే కంప్యూటర్ నుంచి మోడెంని పలకరించి చూస్తే, పక్కనే ఉన్న మోడెం నుంచే పదిట్లో నాలుగు జవాబులు రావట్లేదు. రెంటికీ మధ్యనున్న వైరు పీకి చూద్దును కదా, కొన నిండా గడ్డకట్టిన పసుపూ కుంకుమా! ఛీ, పిన్నులన్నీ చిలుం పట్టిపోయాయి. ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాల్సి వచ్చింది. ఆయుధపూజకి దానికీ ఓ బొట్టు పెట్టండి అన్నాను గానీ, నోట్లో కుక్కమన్నానా అండీ?

మోడెం స్పిరిట్‌తో తుడిచాను. కొత్త వైరు కోసం భీమవరం వెళ్తున్నాను. నేనొచ్చేదాకా పాతది మళ్ళీ గుచ్చకండి.

రామతులసి

పులిహోర గిన్నెలో మూతపెట్టి ఉంది, తినండి. తెల్లగా ఉందని మాత్రం వంక పెట్టకండి. ఇంట్లో పసుపంతా మీరు ఆ వైరుకే పెట్టేశారు.