నీలమ్మ మతిమరుపు

హుస్సేనీ ఆలం,
14-8-1978, సోమవారం.

కొత్తగూడెంలో ఉన్న రాజన్న మామకు, అత్తకు మేనకోడలు రాజమణి నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయలేను. అందుకే విషయం ముందే రాస్తున్నాను.

ఈ రోజు పొద్దున తొమ్మిది గంటలకు అమ్మ పులుసుకు అన్నీ తరిగిపెట్టుకుని, ఇంట్లో చింతపండు లేదని చెప్పింది. నాన్న చెప్పులేసుకుని బేగంబజార్ వెళ్లాడు. తిరిగొచ్చాక, గురువారం అమ్మను డాక్టరుకు చూపిస్తానని నాతో అన్నాడు.

ఉగాది తర్వాత నాన్నకు బస్సు నడుపుతుండగానే ఛాతీ పట్టేసిన సంగతి మీకు తెలుసు. అప్పుడు డాక్టరు గోలీలిచ్చి, రోజూ నడవమన్నాడు. నడవకపోతే ఈసారి వచ్చే నొప్పి ఆసుపత్రి దాకా రానివ్వదన్నాడు. నాన్న ఇంటికొచ్చి నవ్వాడు. "పట్నమంత తిరిగేటోణ్ణి, నన్ను నడువుమంటడేంది?" అన్నాడు. "తిరిగేది బస్సు, నువ్వు గాదు" అంది అమ్మ. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

అమ్మ మరచిపోవడం ఆషాఢంలో మొదలైంది. మొదట ఉప్పు. తర్వాత మెంతులు, బెల్లం, శనగపప్పు. మా నెల సామానంతా బేగంబజార్ నుంచే వస్తుంది. ఒకటో తారీఖున అమ్మ వెళ్లి రిక్షాలో వేయించుకొస్తుంది. గల్లీ దుకాణంలో కొనడం నాన్నకు నామోషీ. ఉప్పు పొట్లం కోసం బస్సెక్కితే తెలిసిన కండక్టర్లు నవ్వుతారని ఇంకో నామోషీ. ఇక మిగిలింది కాళ్లే.

మొదట్లో లొల్లి చేసేవాడు. "నిన్ననే చెప్తే రెండు కలిపి తేకపోదునా? నీ తలకాయల ఏమున్నదే నీలమ్మా?" అనేవాడు. "ఉన్నదంత నీ సంసారమే" అనేది అమ్మ. పక్కింటి వాసవాంబ రోజూ వాకిట్లోంచి, "ఏందన్నా, ఇయ్యాల ఏం మరిచింది మా వదినె?" అని ఎగతాళి చేస్తుంది. ఇప్పుడు నాన్న లొల్లి మానేశాడు. తల వంచుకుని పోతున్నాడు. నాకు అదే ఎక్కువ భయంగా ఉంది.

అయితే అంతుపట్టని సంగతులు కొన్ని ఉన్నాయి. ఎవరింటికి ఏ గిన్నె వెళ్లిందో అమ్మకు గుర్తుంది. నాన్న గోలీ ఒక్కపూట కూడా మరవలేదు. నాన్నకు పొద్దుటి డ్యూటీ ఉన్న వారం ఆమె పొద్దున ఏదీ మరచిపోదు, సాయంత్రం మరచిపోతుంది. మరుపు ఇలా డ్యూటీ చూసుకుని వస్తుందా?

మొన్న శనివారం నేనూ నాన్న వెంట వెళ్లాను. ఇదివరకు పురానాపూల్ సగానికి రాగానే గోడ పట్టుకుని నిలబడేవాడు. ఆ రోజు నాతో మాట్లాడుతూనే వంతెన దాటేశాడు. బజారులో హమాలీలు బస్తాలెత్తుకుని "హటో భాయ్, హటో" అని తోసుకొస్తుంటే వెనకబడింది నేనే. తిరిగొచ్చేటప్పుడు మెల్లగా అన్నాడు: "బిడ్డా, రేపు మీ అమ్మ నన్నే గుర్తువట్టకపోతే ఏం జెయ్యాలె?"

అమ్మమ్మకు చివరి రోజుల్లో ఇలాంటి మరుపు ఉండేదా? ఏ వయసులో మొదలైంది? డాక్టరు అడిగితే చెప్పాలి. దాచకుండా రాయండి.

మీ ఉత్తరం కోసం చూస్తూ,
రాజమణి

తా.క.: ఉత్తరం ఇంకా డబ్బాలో వేయలేదు. మంగళవారం మధ్యాహ్నం ఇది రాస్తున్నాను. అమ్మమ్మ సంగతి ఇక రాయనక్కర్లేదు.

జల్లెడ అడగడానికి వాసవాంబ ఇంటికి వెళ్లాను. వాళ్ల బియ్యం డ్రమ్ము వెనక మా ఇంటి డబ్బాలు కనిపించాయి. ఉప్పు, బెల్లం, పప్పు, చింతపండు, అన్నీ నిండుగా ఉన్నాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఒకటో తారీఖునే అన్ని తెచ్చి ఈడ దాసింది మీ అమ్మ. నడువుమంటె నడుస్తడా మీ బాపు? ఉప్పు లేదంటె నడుస్తడు" అంది.

ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను. నాన్న ఎంత భయపడుతున్నాడో చెప్పాను. అమ్మ చాటలో బియ్యం కాసేపు ఊరికే అటూ ఇటూ జరిపింది. "నాకు తెల్వదా? నిద్రల గూడ నా పేరే కలవరిస్తుండు. గని ఫికరుతోని మనిషి నడుస్తడు బిడ్డా. నిమ్మళంగ ఉంటె కూసుంటడు. కూసుంటె పోతడు" అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "గురువారం ఆ డాక్టరు ఇయ్యాల ఏం వారమని అడిగితె, ఒప్పు చెప్పాల్నా, తప్పు చెప్పాల్నా?"

ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు. ఎటూ వెళ్తున్నాం కదా, నాన్ననూ చూపించుకోమని ఆమె పట్టుబట్టింది. అందుకని గురువారం పది గంటలకు ఇద్దరూ నడిచే వెళ్తున్నారు. ముందు నాన్న బీపీ చూస్తారు. ఆ లెక్క విన్న తర్వాతే అమ్మను పిలుస్తారు.