నెవిల్ పాట విననని ఒట్టు

సోమవారం, జూన్ 2

శనివారం మా వీధి చివరి పార్కులో బ్రాస్ హెరాన్ వాళ్ల వీడ్కోలు కచేరీల్లో మొదటిదట. మా డడ్లీ ఊరంతా పోస్టర్లే. రొట్టెల కొట్లో కూడా!

ఒట్టేస్తున్నాను. ఒక్క పాట కూడా నా చెవిన పడనివ్వను.

లోకానికి వాళ్లు డెబ్బైల నాటి మహా రాక్ బృందం. నాకు మాత్రం పక్కింటి నెవిల్, వాడి ముగ్గురు స్నేహితులు. మా గోడకి ఆనుకున్న గ్యారేజీలో ఏళ్ల తరబడి డ్రమ్ములు బాదారు. అరలోంచి పింగాణీ కప్పులు రాలిపడేవి. వాళ్లకి బంగారు రికార్డులు, నాకు తలనొప్పి మాత్రలు!

ఉపాయం: శనివారం పొద్దున్నే బస్సెక్కి, రిల్‌లో చెల్లెలు హిల్డా ఇంటికి పోతాను. సముద్రం హోరులో ఏ గిటారూ వినపడదు. ఎనభై నాలుగేళ్లకి ఇంత చక్కటి నిర్ణయం!

మంగళవారం

ఒట్టు దివ్యంగా సాగుతోంది. రేడియోలో వాళ్ల పాట మొదలైంది. ఠక్కున కట్టేశాను. చెవిన పడింది మొదటి ముక్కే. అది లెక్కలోకి రాదు.

బుధవారం

గ్యారేజీ ముందు ఎవరో జర్మన్ దంపతులు ఫొటోలు తీసుకుంటున్నారు. బ్రాస్ హెరాన్ మొదటి పాట ఇక్కడే వేసవిలో పుట్టిందని భర్త ఏదో ఇంగ్లీషు పుస్తకం చూసి భార్యకి చదివి వినిపిస్తున్నాడు.

నోరు ఊరుకోలేదు. "వేసవి కాదు నాయనా, ఫిబ్రవరి. చలికి గిటారు తీగ తెగింది. అందుకే పాట మధ్యలో తాళానికి ఆ కుంటి నడక."

"ఏ కుంటి నడకండీ?" అందామె.

లోపలికి పిలిచి టీ ఇచ్చి, కూనిరాగం తీసి వినిపించాను. పాడటం వేరు, వినడం వేరు. ఒట్టు చెక్కుచెదరలేదు.

గురువారం

హిల్డా ఫోను. "అక్కా, నువ్వు బయల్దేరకు. నేనే వస్తున్నా. కచేరీకి టికెట్లు కొనేశాను, రెండు!"

"నీకేమైనా పిచ్చా? వాళ్లని చూడకూడదనే నేను పారిపోతుంటే!"

"యాభై ఏళ్లుగా వాళ్ల గురించి తప్ప నువ్వు నాతో ఇంకేం మాట్లాడావే?"

ఫోను పెట్టేశాను. మందుల షాపుకెళ్లి దూది తెచ్చుకున్నాను. పెద్ద చుట్ట.

శుక్రవారం

పార్కులో మైకులు సరిచూస్తున్నారు. కిటికీలు మూశాను, దూది పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు.

గిటారు శ్రుతి కాస్త తగ్గింది. ఎవరైనా చెబితే బాగుండు.

శనివారం

హిల్డా మోకాలు నొప్పంది. గేటు దాకా తోడు వెళ్లాను. గేటు దగ్గర జనం తోసుకుంటుంటే కుర్చీ దాకా వెళ్లాను. అంత దూరం వెళ్లాక వెనక్కి నడిచే ఓపిక ఎవరికుంది? చెవుల్లో దూది ఉంది కదా!

ఇంకా పొద్దు కుంకలేదు. నెవిల్ వచ్చాడు. బొజ్జ, నెత్తిన నాలుగు తెల్ల వెంట్రుకలు. గొంతు మాత్రం అదే. రెండు పాటలు బాగానే పాడాడు. మూడోది నాకు బాగా తెలిసినది.

"పొగగొట్టాల కింద పుట్టాను..."

ఆగాడు. మళ్లీ అదే ముక్క పాడాడు. మళ్లీ ఆగాడు. గిటారు వాడు ఆ రాగాన్నే తిప్పి తిప్పి వాయిస్తున్నాడు. జనం ఇదేదో తమాషా అనుకుని చప్పట్లు కొట్టారు. నెవిల్ వేళ్లు మైకుని నలిపేస్తున్నాయి. సంతలో చెయ్యి వదిలేసిన పిల్లాడిలా చూస్తున్నాడు.

దూది పీకి పారేసి లేచి నిలబడ్డాను.

"అమ్మ ఆరేసిన దుప్పటే నా ఆకాశం! పాడరా వెధవా!"

వాడు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిందికి చూశాడు. "డోరీన్ ఆంటీ! మీరా!"

పాడాడు. నేనూ పాడాను, చివరిదాకా. చేతికర్ర గాల్లో ఊపానట కూడా. హిల్డా చెప్పింది, నేను నమ్మను.

ఆదివారం

నెవిల్ పెరటి తలుపు తోసుకుని వచ్చాడు. వంటింట్లో కూర్చున్నాడు.

"ఎప్పట్నుంచిరా?" అన్నాను.

"పోయినేడాది నుంచి. డాక్టరమ్మ ఆ జబ్బుకేదో పేరు చెప్పింది. అదీ మర్చిపోయా." నవ్వాడు. నేను నవ్వలేదు. "బృందంలో మనవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదాంటీ. పాట మాటలు తెర మీద వేస్తామన్నారు. అవి చదువుతుంటే తాళం తప్పుతోంది. నిన్న మీ గొంతు వినగానే అంతా వచ్చేసింది. గురువారం కోవెంట్రీలో పాడాలి, ఆ తర్వాత లీడ్స్. ముందు వరసలో కూర్చుంటారా?"

"కూర్చుని? అందరి ముందూ నిన్ను తిట్టాలా?"

"తిట్టండి. అలవాటేగా!"

టీ పోశాను.  

వెళ్తూ వాకిట్లో నిలబడి అటూ ఇటూ చూశాడు. తను పుట్టిన ఇల్లు ఏ వైపో వెతుక్కుంటున్నాడు. చొక్కా చెయ్యి పట్టుకుని ఎడమకి తిప్పాను. "అవునవును," అన్నాడు.

కొత్త ఒట్టు. గురువారం కోవెంట్రీతో సరి. ఆ తర్వాత ఆ కుర్రాడి పాట ఒక్కటి కూడా వినను.

లీడ్స్‌లో సాయంత్రాలు చలిగా ఉంటాయట. నీలం కోటు ఉతకాలి.