జీటీ బండికి ఎర్రచీర

సారన్నా,

కాగజ్‌నగర్ రైల్వే గ్యాంగు క్వార్టర్ల నుంచి నీ చెల్లె రాసేది. మొన్న నా మొగడు తాగొచ్చి, పట్టాల బోల్టులు బిగించే పానతో కొట్టిండు. నెత్తురు కారుతుంటె, మన బాపు మట్టి మోసిన లైను మీదికే ఉరికిన. ఢిల్లీ నుంచి మద్రాసుకు పోయే జీటీ బండి మా క్వార్టర్ల కాడ ఎన్నడూ ఆగదు. నువ్వు బతుకమ్మకు పెట్టిన ఎర్రచీర నా ఒంటి మీద సూసి, ఎర్రజెండ అనుకొని డ్రైవర్ ఆపిండు. "పిచ్చిది సాబ్" అనుకుంట మొగడు నన్ను జుట్టువట్టి గుంజుకపోయిండు. బండి ఎల్లిపోయింది. ఇంటికి తెచ్చి ఎడమచెయ్యి ఇరగ్గొట్టిండు, చీర పొయ్యిల పెట్టిండు.

నువ్వు రాకు, వస్తె నిన్ను సంపుతడు. పక్కింటి సుగ్రా బేగం పేరు మీద ఇంకో ఎర్రచీర పంపు. ఈసారి బండి ఆగితె ఏడ్సుకుంట నిలబడను, ఎక్కుత. నువ్వు వరంగల్ టేషన్ల ఉండు.