ముసుగు ఎత్తగానే కనబడే వెలుగు

ఆదివారం, ఉదయం 7:00

ఇవాళ్టి నుంచి ఆటో మోడ్ బంద్! కెమెరాయే వెలుగు లెక్క వేసిపెట్టే ఆ పచ్చ గుర్తు ముట్టుకుంటే నన్ను పేరు మార్చి పిలవండి.

వచ్చే శనివారం మా వెల్డింగ్ షెడ్డులో మేస్త్రికి ఆఖరి రోజు. నాకు పని నేర్పిన మనిషి. ముప్పై ఏళ్లు నల్ల అద్దం ముసుగు వెనకాలే బతికాడు. పనిలో ఉండగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. "అక్కడ ఈయన ఏం చేస్తాడో నేనెన్నడూ చూడలేదు నాయనా" అంది వాళ్లావిడ. నేను తీస్తానని మాటిచ్చాను. మా వీధి ఫొటో స్టూడియో అతను నా పాత కెమెరా చూసి, "ఆటోలో పెట్టి నొక్కెయ్ తమ్ముడూ, కోతికైనా వస్తుంది" అన్నాడు.

ఒళ్లు మండింది!

నియమాలు: ఆటో లేదు. కెమెరా వెనక తెర మీద నల్ల టేపు (చూసి దిద్దుకోవడం కాపీ కొట్టడమే). వెలుగు కంటితో కొలవాలి, లెక్క వేళ్ల మీద వేయాలి.

11:00

ఇంతేనా! మండుటెండలో లెన్స్ కన్ను పదహారు, ఐఎస్ఓ (వెలుగు పట్టే చురుకు) వంద, షట్టరు సెకనులో వందో వంతు. నీడలోకి వస్తే కన్ను మూడు మెట్లు తెరవాలి (అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దది): పదకొండు, ఎనిమిది, అయిదు పాయింట్ ఆరు. మెట్టు మెట్టుకీ వెలుగు రెట్టింపు. డాబా మీద ఆరేసిన దుప్పటి తీశాను. అక్క కంప్యూటర్లో చూస్తే పోగులు కూడా లెక్కపెట్టొచ్చు.

"దుప్పటికి కళ వచ్చిందిరా. మనుషుల్ని ఎప్పుడు తీస్తావు?" అంది అక్క.

ఓర్వలేనితనం.

సోమవారం, మధ్యాహ్నం 1:10

గంటసేపు వెల్డింగ్ చేసి ముసుగు ఎత్తాను. షెడ్డంతా ధగధగ! నీడ లెక్క చాలు. మేస్త్రిని పది తీశాను.

సాయంత్రం 6:30

పదీ నలుపు. "ఇది మేస్త్రా, బొగ్గుల బస్తానా?" అక్క ప్రశ్న. మెమరీ కార్డు పాడైంది, అంతే.

మంగళవారం

కొత్త కార్డు. నలుపే. తప్పు పైకప్పు రేకులది.

బుధవారం

కెమెరాకి సెలవు ఇచ్చాను. యంత్రానికీ ప్రాణం ఉంటుంది.

గురువారం, 10:05

ఆటోలో ఒకటి తీశాను. వాడుకోవడం కాదు, జవాబు సరిచూసుకోవడం. టేపు దానంతటదే ఊడింది.

10:20

ఏడు జవాబులు సరిచూసుకున్నాను. షెడ్డు గోడ మీద బీటలతో సహా పడ్డాయి. ఆటో పెట్టిన అంకెలు మాత్రం చూడలేదు. మనిషన్నాక నీతి ఉండాలి.

శుక్రవారం

శనివారం ఆటోలోనే తీస్తాను. మేస్త్రి ఫొటో ముఖ్యం, నా పంతం కాదు. ఎంత ఎదిగిపోయాను!

శనివారం, 3:00

స్టూడియో అతను వచ్చాడు! ఎవరు పిలిచారు? చేతులు కట్టుకుని నిలబడి, "ఆటోలోనే పెట్టావుగా తమ్ముడూ?" అని అందరూ వినేట్టు అడిగాడు.

కొత్త టేపు అంటించాను.

3:20

పొద్దుట్నుంచీ ముసుగులోనే పని, టేపు అంటించాక కూడా. ఎత్తగానే మళ్లీ ధగధగ. నీడ లెక్కే. మేస్త్రి ఆఖరి అతుకు వేశాడు. ముసుగు ఎత్తి నవ్వాడు. ముప్పై నొక్కాను.

"ఫొటోలో పడ్డానట్రా?"

"పడ్డారు మేస్త్రీ!"

3:40

"ఏదీ, ఇలా తే" అని మేస్త్రి కెమెరా లాక్కున్నాడు. స్టూడియో అతను పచ్చ గుర్తు మీదికి తిప్పి ఇచ్చాడు. మేస్త్రి నన్ను ఒకటి తీశాడు.

సాయంత్రం 6:30

ముప్పై నలుపులు. నిప్పురవ్వలు తప్ప ఏమీ లేవు. ముప్పై ఒకటోది నేను: నెత్తి మీద ముసుగు, నోరు తెరిచి, వేళ్ల మీద మెట్లు లెక్కపెడుతూ. కనురెప్పలతో సహా పడ్డాను.

అక్క నవ్వలేదు. అది నవ్వకపోతేనే భయం.

ఆదివారం, 9:00

మేస్త్రి ఇంటికి వెళ్లి నిజం చెప్పాను. ఆయన మంచం మీంచి లేవకుండానే అడిగాడు:

"కొత్త రేకు వస్తే కరెంటు ఎంత పెడతావురా?"

"ముందు తుక్కు ముక్క మీద గీసి చూస్తాను."

"అతుకు కారితే?"

"తగ్గిస్తాను."

"మరి నన్నెందుకురా సరాసరి అతికించేశావు? తుక్కు దొరకలేదా?"

వేళ్లు జేబులో దాచుకున్నాను.

"ఇంకోటి. ముసుగు ఎత్తిన కంటికి చీకటి కొట్టు కూడా ఎండలాగే ఉంటుంది. ఆ కంటితోనా నువ్వు వెలుగు కొలిచేది?"

ఇంటికొచ్చి గురువారం ఫొటోల అంకెలు చూశాను. నా లెక్క సరిగ్గా నాలుగు మెట్లు తక్కువ. అంటే కావలసిన వెలుగులో పదహారో వంతు. కూడిక, తీసివేత అన్నీ ఒప్పే. మొదలుపెట్టిన చోటే తప్పు.

సాయంత్రం మేస్త్రి ఫోన్ చేశాడు. "రేపు ఇంకోసారి ఆఖరి రోజు చేద్దాంరా." వెనకాల నుంచి వాళ్లావిడ గొంతు: "ఈసారి నేనూ వస్తున్నానని చెప్పు!"

సోమవారం, ఉదయం 7:00

ఇవాళ్టి నుంచి ఆటో మోడ్ బంద్! టేపు పీకేశాను. ముసుగు తీశాక పది నిమిషాలు ఆగుతాను. ముందు తుక్కు ముక్క మీద గీసి చూస్తాను.

తుక్కు ముక్కగా నిలబడటానికి ఒక మనిషి కావాలి. స్టూడియో అతనికి ఫోన్ చేశాను. వస్తున్నాడు.