ఘాటులో తాళంచెవి ముట్టవద్దు

ఇచ్చోడ, 1994

బావ దశరథం గారికి నమస్కారములు. ఇవాళ జరిగినవి వరుసగా రాస్తున్నాను.

1. మీ జీపు ఇంజనుకు, గాలిని ఒత్తి పంపి బలం పెంచే పాత లారీ టర్బో బిగించి, ఆయిల్ పైపు కలిపాను.

2. నిర్మల్ ఘాటు ఎక్కి చూశాం. బండి బాగా లాగింది.

3. దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని మీరు ఇంజను బంద్ చేశారు. నేను వద్దంటే, "ఉతారుల ఇంజనెందుకు బామ్మర్దీ? పుస్తకాలు సదివి భయపడుడు నేర్సినవ్" అని నవ్వారు.

టర్బో చక్రం నూనె మీదే తిరుగుతుంది. ఇంజను ఆగితే నూనె ఆగుతుంది, చక్రం మాత్రం వెంటనే ఆగదు. ఎండిపోయి కాలి విరిగిందంటే ముక్కలు ఇంజనులోకి పోతాయి. పైగా ఇంజను ఆగితే బ్రేకు గట్టిపడుతుంది. ఇవాళ పెద్ద మలుపులో మీరు రెండు కాళ్లతో బ్రేకు తొక్కడం చూశాను.

టర్బో విప్పేస్తానంటే మీరు ఒప్పుకోలేదు. రేపు అక్కను, పిల్లలను బాసరకు తీసుకుపోతున్నారు. దయచేసి గేరులోనే దిగండి. కిందికి చేరాక కూడా ఇంజనును కాసేపు నడవనిచ్చి ఆపండి.

మీ చేతి అలవాటంటే నాకు భయంగా ఉంది. అందుకే అక్కను ముందు సీట్లో కూర్చొని, మీ చెయ్యి తాళంచెవి వైపు పోతే పట్టుకొమ్మన్నాను. ఎందుకని అడిగింది. ఇంజను పాడవుతుందని చెప్పాను. బ్రేకు సంగతి చెప్పలేదు.

ఇది రాసేసరికి సాయంత్రం ఏడున్నర గంటలు.

ఇట్లు,
కొండబత్తిని అంబదాస్